బుగ్గలుబ్బిన ఫొటో

సిద్దిపేటలో పెళ్లి బ్యాండు వాయించేవాళ్లను ఫొటోలు తీయాలన్నది నా స్నేహితురాలి ఆలోచన. ఇద్దరం కలిసే ఫొటోగ్రఫీ నేర్చుకున్నాం. డీజేలు వచ్చాక బ్యాండుకు పిలుపులు తగ్గాయి. మిగిలిన కొద్దిమంది కూడా బ్యాండు కోట్లు విప్పి వేరే పనుల్లోకి పోకముందే తీసిపెట్టాలనుకున్నాం. మాట్లాడే పని ఆమె చూసుకునేది. తీసే పని ఎక్కువగా నాకు వదిలేసేది. కెమెరా కంటికి ఆనించుకుంటే నన్ను ఎవరూ పలకరించరు. అందుకే ఆ పని నాకు నచ్చింది.

మేము ఎక్కువగా తీసింది క్లారినెట్ వాయించే ఒక పెద్దాయనను. కాకా అని పిలిచేవాళ్లం. ఎర్ర కోటు, భుజాల మీద వెలిసిపోయిన జరీ. ఊదడం మొదలుపెడితే రెండు బుగ్గలూ పూరీల్లా పొంగి, కళ్లు మూసుకుపోయేవి.

"కాకా, ఫొటో తీస్తున్రు. బుగ్గలు జర లోపటికి పెట్టు," అనేవాడు పక్కన డ్రమ్ము వాయించే అతను.

"బుగ్గలు లోపటికి పోతే పెండ్లికొడుకు గుర్రం గీడనే ఆగుతదిరా," అని కాక మళ్లీ ఊదేవాడు.

మాకు నేర్పిన సారు ఒక మాట గట్టిగా చెప్పారు. మనిషి కెమెరా వైపు చూస్తే ఫొటో చెడినట్టే, పాట నడుస్తున్నప్పుడే తీయండి అని. ఆ మాటను మేము వదల్లేదు. పాట ఆగగానే కెమెరా దించేసేవాళ్లం. అప్పుడు కాక ఫంక్షన్ హాలు వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగేవాడు. గాలి పోయిన బుగ్గలు కొంచెం వేలాడేవి. కళ్లు పెద్దవి. నా వైపు తిరిగి, "నువ్వు మాట్లాడవేంది బిడ్డా? నీ దిక్కు గీ డబ్బా మాట్లాడుతదా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. కెమెరా ఒడిలోనే ఉండేది.

ఈ చలికాలం కాక పోయాడు. ఛాతీలో నొప్పి అన్నాడట, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

పెద్ద దినానికి ముందు ఆయన కూతురు మా ఇంటికి వచ్చింది. బట్టల షాపులో పనిచేసే అమ్మాయి. చెప్పులు విడిచి గడప దగ్గరే నిలబడింది.

"అక్కా, నాయిన ఫొటో ఒక్కటియ్యవా. ఫ్రేము కట్టియ్యాలె. అవ్వ అడుగుతున్నది."

వాళ్లింట్లో ఉన్నది పెళ్లినాటి ఫొటో ఒక్కటే. అందులో ఆయనకు మీసాలు కూడా సరిగా రాలేదు. ఆధార్ కార్డు ఫొటోను పెద్దది చేయిస్తే ముఖం అలికేసినట్టయింది. కూతురు తన ఫోన్‌లో తీసుకున్నవి ఆ ఫోన్ పాడైనప్పుడే పోయాయి. ఊళ్లో ఎన్నో పెళ్లిళ్లకు వాయించిన మనిషి ఏ పెళ్లి ఆల్బంలోనూ లేడు. ఫొటోలు తీసేవాళ్లు బ్యాండును పక్కకు జరగమనేవాళ్లు.

లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి చూపించాను. మొదట ఆమె ముఖం వెలిగింది. చూస్తూ చూస్తూ నెమ్మదించింది.

"మస్తున్నయక్కా," అంది. అన్నీ చూశాక, "గిండ్ల ఊదకుంట ఉన్నది ఒక్కటన్న లేదా?" అంది.

అన్నీ వెతికాను. స్నేహితురాలికి ఫోన్ చేస్తే ఆమె తన దగ్గరున్నవన్నీ వెతికింది. ఎక్కడ చూసినా బుగ్గలు, మూసిన కళ్లు. లేకపోతే క్లారినెట్ మీద వేళ్లు. ఆ వేళ్ల ఫొటోను మేమిద్దరం పెట్టిన ఫొటో ప్రదర్శనలో అందరూ మెచ్చుకున్నారు. కూతురు దాన్ని చాలాసేపు చూసి, "వేళ్లు నాయినయే," అంది. వేళ్లకు దండ వేయలేమని ఇద్దరికీ తెలుసు.

చాయ్ తాగే ముఖం నాకు బాగా గుర్తుంది. డైరీలో రాసుకున్నాను కూడా. రాసుకున్నదాన్ని ఫ్రేము కట్టించి ఇవ్వలేను కదా.

కూతురూ నేనూ ఫ్లెక్సీ షాపుకు పోయాం. షాపతను కంప్యూటర్‌లో బుగ్గలు తగ్గించి, ఆధార్ ఫొటోలోని కళ్లు తెచ్చి అతికించాడు. "ఇప్పుడు సూడు చెల్లె," అన్నాడు.

ఆమె వంగి చూసింది. "మంచిగున్నడన్నా. కని ఎవలో," అంది. తర్వాత మెల్లగా, "మా నాయిన బుగ్గలు నాయినకుండనియ్యి," అంది.

పెద్ద దినం నాడు స్నేహితురాలూ నేనూ వెళ్లాం. కెమెరా తీసుకుపోలేదు. స్టూలు మీద ఫ్రేములో కాక, మెడలో బంతిపూల దండ, నోట్లో క్లారినెట్, నిండుగా పొంగిన బుగ్గలు. బ్యాండువాళ్లు మామూలు చొక్కాల్లో గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఎర్ర కోట్లు లేకపోయేసరికి వాళ్లను వెంటనే పోల్చుకోలేకపోయాను.

కాక భార్య ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టింది. చివరకు ఒక చిన్న గ్లాసులో చాయ్ తెచ్చి పెట్టింది. క్లారినెట్ మీదికి జారిన దండను పక్కకు సర్దింది. కొంతసేపు ఆ ముఖంలోకి చూస్తూ కూర్చుంది. తర్వాత, పెళ్లి బరాత్ నుంచి అలసి ఇంటికి వచ్చిన మనిషితో అన్నట్టు మెల్లగా అంది.

"ఇగ సాలు. జర ఆపి, చాయ్ తాగు."