మూడో సిలిండర్‌ను అనుమానించిన మనిషి

మొన్న ఆదివారం మధ్యాహ్నం కొత్తగూడెం నుంచి ఫోన్ వచ్చింది. మా కెప్టెన్ మేడమ్ దవాఖానాలో కన్నుమూశారని ఆమె చెల్లెలు చెప్పింది. నేను నమ్మలేదు. "డాక్టర్లు సరిగ్గా చూశారా?" అని అడిగాను. "మా అక్క లెక్కనే అడుగుతున్నవ్," అందామె. ఫోన్ పెట్టేశాక, అప్పట్లో మాతో పనిచేసిన విమానం మెకానిక్‌కు కూడా చేసి అడిగాను. ఒక మాటను ఇద్దరి నోట వింటే గాని నమ్మకపోవడం మేడమ్ దగ్గర అంటిన అలవాటే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేడమూ నేనూ ఒక ప్రైవేటు సర్వే కంపెనీలో పనిచేశాం. భద్రాచలం అడవి అంచున ఒక పాత రన్‌వే ఉండేది. అక్కడి నుంచి ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానంలో రోజూ పైకి లేచేవాళ్లం. ఆమె నడిపేవారు. నేను వెనక కూర్చుని, నేల లోపల ఏ రాయి ఉందో పసిగట్టే పరికరాన్ని చూసుకునేవాణ్ణి. ఆమె కొత్తగూడెం బొగ్గు గని కార్మికుడి కూతురు. ఆదివారం చర్చి, మిగిలిన ఆరు రోజులు అనుమానం. పెట్రోలు ముల్లు నిండుగా చూపించినా ట్యాంకులో పుల్ల ముంచి చూసేవారు. పొద్దున్నే గాజు గొట్టంలోకి కాస్త పెట్రోలు పట్టి, ఎండకు ఎత్తి, రంగు చూసి, వాసన చూసి, అప్పుడు గాని ఎక్కేవారు కాదు. చర్చిలో ప్రార్థనప్పుడు కూడా అక్క ఒక కన్ను సగం తెరిచే ఉంచేదని చెల్లెలు చెబుతుండేది.

ఆ రోజుల్లో అక్కడ అనుమానించని వాళ్లెవరు! పర్ణశాల దాటాక ఉన్న గూడేల వాళ్లు మమ్మల్ని చూసి, ప్రాజెక్టు కట్టి తమ భూములు ముంచడానికి కొలతలు తీస్తున్నామనుకునేవారు. అడవిలో ఏం కనిపించిందని పోలీసులు అడిగేవారు. పోలీసులకు ఏం చెప్పామని అడవి లోపలున్న నక్సలైట్లు అడిగించేవారు. మా మేనేజర్‌కు మా అందరి మీదా అనుమానమే.

విమానం పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. గాలికి తగ్గట్టు పెట్రోలు కూడా తగ్గించాలి. దానికి పైలట్ చేతి దగ్గర ఒక ఎర్ర బుడిపె ఉంటుంది. దాన్ని మెల్లగా వెనక్కి లాగుతుంటే ఇంజిన్ వదిలే పొగ వేడెక్కుతూ పోయి, ఒక చోట శిఖరానికి చేరి, మళ్లీ తగ్గుతుంది. ఒక్కో సిలిండర్ పొగ ఎంత వేడిగా ఉందో ముందున్న మీటరులో కనబడేది. శిఖరం ఎక్కడుందో చూసుకుని, అక్కడి నుంచి కాస్త పెట్రోలు తిరిగి ఇచ్చేవారు మేడమ్. "జ్వరం చూసి మందిచ్చినట్టే," అనేవారు.

ఒకరోజు గోదావరి మీద ఉండగా బుడిపె లాగుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇంజిన్ సన్నగా వణుకుతోంది. మిగతా సిలిండర్లన్నీ ఇంకా వేడెక్కుతుంటే, మూడోది అప్పుడే శిఖరం దాటి చల్లబడుతోంది.

"మీటర్ పాడైందేమో మేడమ్," అన్నాను.

"కావచ్చు. దాని మీద కూడా నాకు అనుమానమే," అని ఆమె బుడిపె ముందుకు తోశారు. వణుకు తగ్గింది. ఆ రోజు సర్వే ఆపేసి దిగిపోయాం.

విషయం వినగానే మేనేజర్ ఒక నిర్ణయానికి వచ్చేశాడు. మా పెట్రోలు లారీ మీద డ్రమ్ముల్లో వచ్చేది. కాపలా కాసేవాడు పక్క గూడెం కోయ మనిషి.

"వాడే పెట్రోలు తీసి అడవి లోపలి వాళ్లకిస్తుండు. కిరోసిన్ పోసి డ్రమ్ములు నింపుతుండు. నేను స్టేషన్‌ల చెప్తా," అన్నాడు మేనేజర్.

కాపలా మనిషి అక్కడే ఉన్నాడు. "నేను ముట్టలే సారూ," అన్నాడు. మేనేజర్ అతని చేతిలోంచి టార్చి లాక్కుని ఇంటికి పొమ్మన్నాడు. అడవిలో వాళ్లకు పెట్రోలు ఇచ్చాడన్న మాట స్టేషన్ దాకా పోతే, ఆ రోజుల్లో పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. అది అక్కడున్న అందరికీ తెలుసు.

మేడమ్ మేనేజర్‌కు అడ్డంగా నిలబడ్డారు. "ఏందన్నా, గింత జల్దీ? ఇంజిన్ ఇప్పి చూసేదాక ఆగు. పెట్రోల్ల కల్తీ ఉంటే అన్ని సిలిండర్లకూ అదే పోతది గదా. ఒక్కదానికే రోగమెందుకొస్తది?"

"గట్లయితే మీటరే తప్పు."

"అది కూడా చూద్దాం."

మూడో సిలిండర్ వేడి కొలిచే తీగను మెకానిక్ చేత నాలుగోదానికి, దాని తీగను దీనికి మార్పించారు. మళ్లీ పైకి వెళ్లాం, రన్‌వే మీదే చక్కర్లు కొడుతూ. ఇప్పుడు మూడో సిలిండర్‌కు తగిలించిన నాలుగో తీగ కూడా అదే చూపించింది; రోగం మూడో సిలిండర్‌లోనే ఉంది. అంటే మీటరు అబద్ధం చెప్పడం లేదు. దిగాక ఆ సిలిండర్‌కు పెట్రోలు చిమ్మే ముక్కు విప్పించారు. వెంట్రుకంత రంధ్రంలో నల్లటి పొర ఇరుక్కుని ఉంది. ఇంజిన్‌లో పెట్రోలు తెచ్చే పాత రబ్బరు గొట్టం లోపల పొరలుగా ఊడుతోంది. ఆ సిలిండర్‌కు పెట్రోలు చాలక, అన్నిటికంటే ముందే శిఖరం దాటేస్తోంది.

మేడమ్ ఆ పొరను మేనేజర్ అరచేతిలో పెట్టారు. "మిషన్‌ని అనుమానించాలె అన్నా. మనిషినయితే ముందు అడగాలె," అన్నారు. అతను స్టేషన్‌కు పోలేదు. తనే వెళ్లి కాపలా మనిషిని పిలుచుకొస్తానని మాత్రం అనలేదు.

మేమే వెళ్లాం. జీపు చప్పుడు వినగానే గూడెంలో తలుపులు మూసుకున్నాయి. అతను దడి బయటికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు. మేడమ్ టార్చి చేతికిచ్చి, జరిగిందంతా చెప్పారు. "తప్పు నీది గాదని తేలింది. పనికి రా అన్నా," అన్నారు.

అతను టార్చిని వెనక్కి ఇస్తూ అన్నాడు: "ఇయ్యాల మీ మిషన్ల గడియారం నా దిక్కు చెప్పింది అమ్మా. రేపు ఇంకో తీరు చెప్తే?"

మేడమ్ టార్చి అందుకున్నారు. "అవ్," అన్నారు. అంతే. అతను మళ్లీ పనికి రాలేదు. మాకు సాయం చేస్తే గూడెంలో తననే అనుమానిస్తారని కూడా అతనికి భయమేమో. అది నా ఊహ. అడగలేదు కాబట్టి మేడమ్ అయితే ఆ మాట అననిచ్చేవారు కాదు.

గొట్టాలన్నీ మార్చాక సర్వే మళ్లీ మొదలైంది. మొదటి రోజు తిరిగొస్తుంటే కింద ఆ గూడెం కనిపించింది. అతను జొన్న చేలో నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని మా వైపే చూస్తున్నాడు. నేను చెయ్యి ఊపబోయి ఆగాను. మేడమ్ విమానాన్ని ఎడమకు ఒరిగించారు. మా నీడ ఆ ఇళ్ల కప్పుల మీద పడకుండా, చేను అంచు వెంట జారుకుంటూ వెళ్లి, గోదావరి ఇసుకలో పడింది.