ఆమె పక్కన కూర్చుంటే పోయే నెట్

కంప్యూటర్ అప్‌డేట్ అయిన దగ్గర్నుంచి, హన్మకొండలోని మా ఇంట్లో బ్రౌజర్ ఒకసారి పేజీలు తెరిచేది, ఒకసారి మొరాయించేది. మోడెం ఆపి మళ్లీ ఆన్ చేశాను. బ్రౌజర్ తీసేసి కొత్తగా వేశాను. లాభం లేదు. చివరికి ఒకటి గమనించాను. మా ఆవిడ వచ్చి పక్కన కూర్చున్నప్పుడే నెట్ పోతోంది.

"జర అవతలి గదిలకు పో, చూద్దాం," అన్నాను.

"నేనొస్తే నెట్ పోతదా? ఇదెక్కడి ముచ్చట!" అని మూతి ముడుచుకుని ఫోన్ చూసుకుంది. అంతలోనే నవ్వింది. "గిది చూడుండ్రి. మీ కంప్యూటర్ నా హాట్‌స్పాట్‌కు కలుస్తాంది. నా డేటా పొద్దున్నే అయిపాయె."

నిజమే. అప్‌డేట్ తర్వాత, ఆమె ఫోన్ దగ్గరికి రాగానే కంప్యూటర్ ఇంటి వైఫైని వదిలేసి దాన్ని పట్టుకుంటోంది. దానంతటది కలిసే ఆ సెట్టింగ్ తీసేశాను.

ఆమె కుర్చీని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "ఇప్పుడు తెరువుండ్రి," అంది.

పేజీ తెరుచుకుంది.