పట్టుగుడ్డలో చుట్టిన హార్డ్ డిస్కు

ఆ రోజుల్లో ధర్మవరంలో మనిషికి జ్వరమొస్తే పక్కింటోళ్ళు గోడ మీద నుంచే పలకరించేవాళ్ళు. కంప్యూటర్‌కు ఏమన్నా అయితే మాత్రం చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, చేతులు కట్టుకొని చూసిపోయేవాళ్ళు. అప్పటికి వీధికొకటి కూడా లేదు మరి. ఇప్పుడు నా జేబులో ఉన్న ఫోను దానికంటే ఎంతో ఎక్కువ పని చేస్తుంది గానీ, దీన్ని చూసేకి ఎవరూ చెప్పులు విడవరు. అందుకేనేమో, ఎన్ని కొత్తవి వచ్చినా నా మనసు ఆ పాత కంప్యూటర్ దగ్గరికే పోతుంది. (కంప్యూటర్ దగ్గరికేనా అని మీరు అడగబోతారు. కొంచెం ఆగండి, అక్కడికే వస్తున్నాను.)

మా మామది, అంటే మా అమ్మ తమ్ముడిది, పట్టుచీరలకు డిజైన్లు గీసే పని. అంచులో హంస నడవాలన్నా, సెరగులో మామిడిపిందె కాయాలన్నా ముందు గళ్ళ కాగితం మీద ఒక్కో గడికీ ఎర్రరంగు పూసి బొమ్మ తేవాలి. ఆ కాగితం చూసి అట్టలకు బొక్కలు కొడతారు. అట్టలు మగ్గం పైకెక్కితే బొమ్మ చీరలోకి దిగుతుంది. మామ చిన్నప్పటి నుంచి అదే పని చేసి చేసి, కుడిచేతి వేళ్ళు ఎర్రగా మారిపోయి, పెళ్ళిళ్ళలో గోరింటాకు పెట్టుకున్నాడని ఎగతాళి చేయించుకునేవాడు. కాలం మారిందని ఎవరో చెబితే కంప్యూటర్ కొన్నాడు. కొన్న తర్వాత దాన్ని నడిపేకి మనిషి కావాలని తెలుసుకొని నన్ను పిలిపించినాడు. నేను అనంతపురంలో కోర్సు చేసినవాణ్ణి. (కరెంటు లేని రోజుల్లో మా సారు బోర్డు మీద కీబోర్డు బొమ్మ గీసి నేర్పించేవాడు. బోర్డు మీద నేను ఇప్పటికీ చాలా వేగంగా టైప్ చేస్తాను.)

మామకు ఒక్కతే కూతురు. నాకు మరదలు. మా ఇద్దరికీ పెళ్ళని మేము పుట్టిన కొన్నాళ్ళకే పెద్దోళ్ళు అనేసుకున్నారు. ఆ విషయంలో బంధువులందరినీ అడిగినారు, మమ్మల్నిద్దరినీ తప్ప. ఆ పిల్ల నా వెనక స్టూలు మీద కూచొని, నేను చేసేది చూసి చూసి, ఆరునెలలు తిరిగేసరికి నాకంటే బాగా గీయడం నేర్చుకుంది. నేను హంస గీస్తే బాతులాగ వచ్చేది. ఆమె నా చేతిలోంచి మౌస్ లాక్కొని, "ఈ హంసకు కడుపునొప్పేమో బావా" అంటూ రెండు గళ్ళు అటుతీసి ఇటుపెడితే అది లేచి నడిచేది. నేను ఉద్యోగిని, ఆమె పనిమంతురాలు. అట్లా జరిగిపోతా ఉండేది.

ఒకరోజు ఆమె తనంతట తాను ఒక సెరగు గీసింది. హంసలు లేవు, గోపురాలు లేవు. సెరగు నిండా శెనక్కాయ చెట్లు. పైన ఆకులు, చిన్న పచ్చపూలు, కింద మట్టిలోకి దిగిన ఊడలు, ఊడల చివర గుత్తులు గుత్తులుగా కాయలు. మామ చూసి, "పెండ్లికూతురు శెనక్కాయలు కట్టుకోని పీటల మీద కూచుంటాదా?" అన్నాడు. దానికోసం గళ్ళ కాగితం దండగ చేయొద్దని కూడా చెప్పినాడు. అందువల్ల ఆ బొమ్మ కాగితం ఎక్కలేదు. కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. మిగతా డిజైన్లన్నీ మామ ట్రంకుపెట్టెలో కాగితాల మీద భద్రంగా ఉండేవి. ఇది ఒక్కటే కడుపులో దాచుకున్న మాటలాగ ఆ డబ్బాలో ఉండేది.

దసరాకు ముందు బెంగుళూరు సావుకారు వచ్చినాడు, మామతో చీరలు నేయించుకొని అమ్ముకునే ఆసామి. హంసలు చూపిస్తా ఉంటే ఆవులించినాడు. నేను పొరపాటున ఏదో నొక్కితే శెనక్కాయ చెట్టు తెరమీదికొచ్చింది. ఆయన ఆవులింత మధ్యలో ఆపి, "చెన్నాగిదె" అన్నాడు, బాగుందని కన్నడంలో. పండగ పోయినాక వస్తాను, కాగితం మీద పూర్తిగా చూపించు, నచ్చితే మగ్గం ఎక్కిద్దాం అని చెప్పిపోయినాడు. మరదలు ఊరకుండలేదు. ఆ పూటే వాళ్ళ నాయన ముందర నిలబడి, సావుకారికి నచ్చితే నన్ను సేలం పంపిస్తావా అని అడిగింది. అక్కడ మగ్గాల చదువుంది, డిజైన్లు నేర్పుతారు. మామ, ఎట్లాగూ నచ్చదులే అనే ధైర్యంతో, సరే అనేసినాడు. అత్త నా మొహం చూసింది. నేను మానిటర్ తుడుస్తా ఉండిపోయినాను. అప్పటికి అది శుభ్రంగానే ఉండింది.

ఈలోగా పక్క వీధి డిజైన్ల అంగడిలో కొత్త విండోస్ వేసినారని మామకు తెలిసింది. మనమూ వేయాలన్నాడు. ఎప్పుడు వేద్దామంటే, ఆయుధపూజ రోజు ఎట్లాగూ పనుండదు కాబట్టి ఆరోజు పొద్దున్నే వేసేయమన్నాడు. నేను స్నానం చేసి, సీడీ పెట్టి మొదలుపెట్టినాను. తెరమీద నీలంగా గీత ముందుకు జరుగుతా ఉంది. అంతలో మామ పసుపు, కుంకుమ, బూడిద గుమ్మడికాయ తీసుకొని వచ్చినాడు. అప్పటికే మగ్గాలన్నీ కడిగి, బొట్లు పెట్టి, పూలేసి, చేతులు దులుపుకొని వచ్చినాడు. కంప్యూటర్ ఇంకా నడుస్తా ఉంది.

"ఆపు" అన్నాడు.

మధ్యలో ఆపకూడదు మామా, పాతది సగం పోయింది, కొత్తది సగమే వచ్చింది అని చెప్పినాను. ఆయనకు కోపమేమీ రాలేదు. తెలియని పిల్లోనికి చెప్పినట్లు నెమ్మదిగా చెప్పినాడు.

"మగ్గం మీద చీర సగంలో ఉన్నా ఈపొద్దు పోగు తోసే నాడె ముట్టుకోం. రేపు కూచుంటే యాడ ఆపినామో ఆడ్నించే నేస్తాం. ఒక్క పోగు అటుఇటు కాదు. ఇది మగ్గం కన్నా పెద్దదా ఏమప్పా?"

దీనికి జవాబు నా కోర్సులో లేదు. మూడు తరాలుగా ఆ ఇంట్లో ఏ మగ్గమూ పూజ రోజు ఆడలేదు, ఏ చీరా పూజ వల్ల చెడిపోలేదు. అనుభవం అంతా మామ పక్కనే ఉంది. నేను ప్లగ్గు పీకినాను. వెంటనే కింద ఉన్న యూపీఎస్ కుయ్యి కుయ్యిమని అరవడం మొదలుపెట్టింది. దానికి బొట్టు పెట్టలేదని అరుస్తాండాది అనింది అత్త. బొట్టు పెట్టినాం. ఆ తర్వాత దాని బటన్ కూడా నొక్కి ఆపేసినాను. పూజ బాగా జరిగింది. గుమ్మడికాయ కొట్టినాం. మరదలు కీబోర్డు మీద చామంతిపూలు ఒక్కో మీటకూ ఒక్కోటి పెట్టింది. (ఆ పూలు పెట్టే చేతిని చూస్తా నేను బొరుగుల ప్రసాదం ఎంత తిన్నానో నాకు తెలియదు.)

మరుసటి రోజు కంప్యూటర్ ఆడ్నించే నేయలేదు. నల్లతెర మీద తెల్లని అక్షరాలు రెండు వరుసలు వచ్చి నిలబడిపోయినాయి. ఏమంటాండాది అని మామ అడిగినాడు. ఏదో ఫైలు కనపడలేదంట అని చెప్పినాను. "కనపడకపోతే వెతుక్కోమను, దానికి వేరే పనేముంది?" అన్నాడు. ఆ మాట ఎంత సబబుగా ఉందంటే, నేను నిజంగానే కాసేపు ఆగి చూసినాను. వీధి వీధంతా పరామర్శకు వచ్చింది. ఒకాయన దిష్టి అన్నాడు. ఇంకొకాయన వేడి చేసిందేమో, కిటికీ తెరవమన్నాడు. తెరిస్తే అనంతపురం జిల్లా దుమ్మంతా లోపలికొచ్చి కూచుంది. అత్త నిమ్మకాయ తిప్పి పడేసింది.

సీడీ పెట్టి మళ్ళీ మొదట్నించీ వేయొచ్చు. కానీ కొత్తది కొత్తగా పడాలంటే డిస్కు మొత్తం తుడిచేయాలి, అందులో ఉన్నవన్నీ పోతాయి, సావుకారు వచ్చేలోగా మళ్ళీ గీయలేని శెనక్కాయ చెట్టుతో సహా. తుడిచేయ్, పోతే పోనీ, మనవన్నీ కాగితాల మీద ఉన్నాయి కదా అన్నాడు మామ. మరదలు వాకిలి దగ్గర నిలబడి ఉండింది. మామ ఆ పక్క చూడకుండానే చెప్పినాడు. నేను చూసినాను. ఏడవడం లేదు, బతిమాలడం లేదు. నేను ఏ మీట నొక్కుతానా అని నా వేలు చూస్తా ఉంది, అంతే.

నేను స్క్రూడ్రైవర్ తీసుకొని డబ్బా విప్పి హార్డ్ డిస్కు బయటికి తీసినాను. దీన్ని అనంతపురంలో మా సారు కంప్యూటర్‌కు తగిలిస్తే లోపలున్నవి దొరకొచ్చు అన్నాను. మామ దాన్ని చేతిలో పెట్టుకొని, "ఇంతేనా? మిగతాదంతా వట్టి డబ్బానా?" అన్నాడు, మోసపోయిన మనిషిలాగ. అత్త లోపల్నుంచి పట్టు రవికగుడ్డ తెచ్చి, దాన్ని పసిబిడ్డలాగ చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి మూత వేసింది. డిస్కును పట్టుగుడ్డలో చుట్టకూడదని ఎక్కడో చదివిన గుర్తు. పట్టు వల్ల చెడిపోతుందని ధర్మవరంలో నిలబడి అనేంత ధైర్యం నాకు లేదు. మరదలు, నేనూ పోతా అనింది. ఎవరూ వద్దనలేదు. ఎట్లాగూ పెళ్ళి చేసుకోబోయేవాళ్ళే కదా అనుకొని ఉంటారు.

ఆ బస్సు ప్రయాణం గురించి ఎవరైనా రాయమంటే నేను ఒక పుస్తకం రాస్తాను, అందులో ఏమీ జరగదు. ఆమె కిటికీ పక్క, ఒళ్ళో డబ్బా. బయట రెండు పక్కలా వానల్లేక మోకాలెత్తు కూడా లేవని శెనక్కాయ చేలు, ఎటో పోతా ఉన్న మబ్బులు. బత్తలపల్లెలో బస్సు ఆగితే మిరపకాయ బజ్జీలు కొన్నాను. ఆమె ఒక్క చేత్తో తింటా, రెండో చెయ్యి డబ్బా మీద నుంచి తీయలేదు. నేను పట్టుకుంటాలే అంటే, "నువ్వు బజ్జీ పట్టుకో చాలు" అనింది. ముందు సీట్లో ఉన్న అవ్వ వెనక్కి తిరిగి, డబ్బాలో ఏముంది పాపా అని అడిగింది.

"శెనక్కాయలవ్వా."

"పండినాయా?" అని అవ్వ ఆశ్చర్యపోయింది.

"ఇంకా తెలీదు. చూపించుకునేకి పోతాండాం."

నాకు నవ్వొచ్చి కారం నసాళానికెక్కింది. ఆమె నా వీపు మీద తట్టింది. డబ్బా మీదున్న చేత్తోనే తట్టింది. అంటే, ఒక్క క్షణం డబ్బా వదిలింది. (ఇది ముఖ్యమైన విషయమని ఎవరికీ అనిపించదు. నాకు అనిపిస్తుంది.)

సారు దగ్గర డిస్కు తగిలించేసరికి కరెంటు పోయింది. సారు టీకి పోయినాడు. చాలాసేపు కూచున్నాం. ఆమె నీళ్ళు తాగొస్తానని బయటికి పోయింది. సరిగ్గా అప్పుడు కరెంటు వచ్చింది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. తెర వెలిగింది, మా డిస్కు ఒక మూల కనపడింది, లోపలికి పోతే ఆమె ఫైలు ఉంది. తెరిస్తే ఆకులు ఒక్కో వరుసే పైనుంచి కిందికి వచ్చినాయి, తర్వాత పూలు, తర్వాత మట్టిలో కాయలు. నేను కుర్చీలోంచి లేచి వాకిట్లోకి పరిగెత్తి, "ఉండాది, ఉండాది" అని అరిచినాను. వీధిలో పోయే ఇద్దరు ముగ్గురు కూడా ఆగి చూసినారు.

ఆమె వచ్చి తెర ముందు నిలబడింది. గళ్ళు అన్నీ ఉన్నాయా లేదా అని వేలు పెట్టి వరుసగా చూసుకుంటా పోయింది. సారు టీ గ్లాసుతో వెనక్కొచ్చి చూసి, ఇది శెనక్కాయ చెట్టు కదమ్మా అన్నాడు. ఊ అనింది. "మా నాయనకు చూపించద్దమ్మా, ఏడుస్తాడు. ఇంత కాపు చూసి ఎన్నేండ్లయిందో" అన్నాడు.

తిరుగు బస్సులో ఆమె మళ్ళీ డబ్బా ఒళ్ళో పెట్టుకొని కిటికీ పక్కనే కూచుంది. బత్తలపల్లె దాటినాక, కిటికీలోంచి బయటికి చూస్తానే అనింది.

"కరెంటొచ్చినప్పుడు నేను ఆడ లేను గదా. దొరకలేదని చెప్పింటే నేను నమ్మేదాన్ని బావా."

అబద్ధం చెప్పాలంటే ముందు ఆలోచన రావాలి. నాకు ఆ ఆలోచన ఆమె చెప్పినప్పుడు వచ్చింది. అప్పటికి బస్సు ధర్మవరం పోతాండాది. నేను ఏదో ఒక హాస్యం ఆడాలి కాబట్టి, నాకు అంత తెలివుంటే మీ ఇంట్లో హంసలు ఎందుకు గీస్తాను అన్నాను. ఆమె నవ్వింది. నవ్వి, ఆపి, మళ్ళీ కిటికీ పక్క తిరిగింది. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు.

సావుకారికి నచ్చింది. మామ మాటకు కట్టుబడే మనిషి, ఆ సంగతి మాకెవరికీ అంతవరకూ అవసరం పడలేదు. ఆమె సేలం పోయింది. చదువయింది, అక్కడే పని దొరికింది, తనతో చదివినాయన్నే చేసుకుంది. పెళ్ళిలో సెరగు తనదే. పెళ్ళికూతురు శెనక్కాయలు కట్టుకోని పీటల మీద కూచుంటే ఎట్లుంటుందో మామ కళ్ళారా చూసినాడు. నేను వడ్డన చూసుకున్నాను. అన్నం బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

ఆ ఇరవై ఏళ్ళ పిల్లోణ్ణి తలచుకుంటే నాకు కోపం రాదు. ఉండాది ఉండాది అని వీధిలో అరుస్తా ఉన్న ఆ మొహం, తాను ఏం పోగొట్టుకుంటున్నాడో తెలియని ఆ సంతోషం చూస్తే, పోయి భుజం తట్టాలనిపిస్తుంది. వాడు కూడా నాకేదో జోకు చెప్పి తప్పించుకుంటాడు, తెలుసు.

ఈమధ్య సేలం నుంచి ఫోన్ చేసింది. "బావా, కంప్యూటర్ కొత్త విండోస్ వేసుకోమని అడుగుతాండాది. వేసుకోనా?" అనింది. డిజైన్లన్నీ వేరేచోట పెట్టుకున్నావా అని అడిగినాను. "ఎప్పుడో పెట్టుకున్నా. అంతమాత్రం నాకు తెలీదా?" అనింది. మరి నన్నెందుకు అడుగుతాండావని అడగబోయి, అడగలేదు. వేసుకో అన్నాను. ఆమె ఏదో నొక్కిన చప్పుడు వినిపించింది. ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ఆ పక్క ఎక్కడో మగ్గం ఆడుతా ఉంది, ఈ పక్క మా వీధిలో నీళ్ళ ట్యాంకరు హారన్ కొడతా ఉంది. ఆ పని అయ్యేంతవరకూ ఇద్దరం అట్లాగే ఉన్నాం. చివరికి, "అయింది బావా" అనింది. సరే అన్నాను. దేనికైనా ఒక జోకు సిద్ధంగా ఉండే మనిషిని కదా నేను, అంతసేపట్లో ఒక్కటంటే ఒక్కటి నోటికి రాలేదు.