మూత, మూతి

ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఆ వీధిలో ఎవరూ మిగల్లేదు. అందరికీ గడియారమ్మే. బస్టాపు ఎదురుగా, జిరాక్స్ షాపుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న చిన్న గదిలో ముప్ఫై ఏళ్లుగా వాచీలు బాగుచేస్తోంది. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. పనితో పాటు ఆయన అలవాటు కూడా ఒకటి అబ్బింది. ఒక చేతిలో వాచీ, ఇంకో చేతిలో పట్టకారు ఉన్నాక కొత్త సెల్లు పట్టుకోడానికి మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని చొక్కా బొత్తామంత సెల్లును పెదాల మధ్య ఇరికించుకునేది. పాతది తీశాక దాన్ని మెత్తటి గుడ్డకు తుడిచి వాచీలో అమర్చేది. ఆ కాసేపూ ఎవరేమడిగినా "ఊ", "ఊహూ" తప్ప జవాబుండదు.

"గడియారమ్మ నోరు మూయించాలంటే ఆగిపోయిన వాచీ ఒకటి తెస్తే చాలు" అనేవాడు మందుల షాపాయన.

సెల్లుల విషయంలో ఆమెకు భయం లేదనుకుంటే పొరపాటు. సరుకు తెచ్చే గుబురు మీసాలాయన అంటించి వెళ్లిన జాగ్రత్తల కాగితం ఆమె తల వెనక గోడ మీదే ఉంది. అందులో ఉన్నదంతా కంఠతా వచ్చు. వచ్చినవాళ్లందరికీ అప్పజెప్పేది. "పాతదైనా చచ్చిన పాము కాదమ్మా ఇది. పిల్లలు మింగితే రెండు గంటల్లో గొంతు లోపల కాలిపోతుంది. అటూ ఇటూ టేపు వేసి పారెయ్." మూడేళ్ల మనవరాలు మధ్యాహ్నం దాకా షాపులో పీట మీదే కూర్చుంటుంది కాబట్టి, సెల్లుల డబ్బాకు తాళం వేసి పై అరలో పెట్టేది. తాళంచెవి ఎప్పుడూ నడుమునే.

ఆ పిల్లే ఆమె లోకం. ఆ లోకంలోకి అప్పుడప్పుడూ వియ్యపురాలు వచ్చేది.

కోడలి తల్లి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పిల్లకి కథలు చెప్తుంది, రంగుల పుస్తకాలు తెస్తుంది, నవ్వితే ఇల్లంతా వినబడుతుంది. టీచరమ్మ గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్ల "అమ్మమ్మా!" అని నాన్నమ్మ ఒళ్లోంచి జారిపోతుంది. రోజూ ముళ్లతో పనిచేసే గడియారమ్మకి ఆ ముల్లు మాత్రం ఎక్కడ దిగిందో తెలిసేది కాదు, తీయడమూ చేతనయ్యేది కాదు.

మొన్న పిల్ల పుట్టినరోజుకి గడియారమ్మ నెల రోజులు కూర్చుని ఒక వాచీ తయారుచేసింది. లోపల యంత్రం లేదు, సెల్లూ లేదు. చిన్న చేతికి సరిపోయే పట్టీ, వేలితో తిప్పితే తిరిగే ముళ్లు. పిల్ల చేతికి పెట్టుకుని ఒకసారి చూసుకుంది. అంతలో టీచరమ్మ సంచిలోంచి ఏనుగును తీసింది. పొట్ట నొక్కితే చెవులు ఎర్రగా వెలిగాయి, పాట మొదలైంది. ఇక వాచీ గతి ఏమవుతుంది? కుర్చీ కిందకు చేరింది.

గడియారమ్మ ఏనుగును తలకిందులుగా తిప్పింది. పొట్ట కింద మూత. గోరు పెట్టగానే ఊడొచ్చింది.

"వదినా, దీనికి స్క్రూ లేదు. పిల్లల బొమ్మ మూత స్క్రూడ్రైవర్ పెడితే తప్ప రాకూడదు. స్క్రూ వదులు చేసినా మూతకే అంటుకుని ఉండాలి, ఊడి పడకూడదు. అది రూలు."

"అయ్యో వదినా! పిల్ల ముచ్చట పడుతుందని తెచ్చాను. నచ్చకపోతే నచ్చలేదనండి, మధ్యలో రూలెందుకు?" టీచరమ్మ నవ్వుతూనే అంది.

కోడలు ముఖం తిప్పుకుంది. కొడుకు మెల్లగా, "అమ్మా, ఇవాళొక్కరోజు ఊరుకోవే" అన్నాడు.

గడియారమ్మ ఊరుకుంది. ఎందుకంటే వాళ్ల అనుమానం అబద్ధం కాదు. రూలు కాగితంలోంచి వచ్చింది కానీ, గొంతు కడుపుమంటలోంచి వచ్చింది. స్క్రూ ఉండి ఉంటే ఏనుగు తొండం వంకరని అనేది. అది ఆమెకి తెలుసు. తెలిసినందుకే, చెప్పాల్సిన మాట రెండోసారి చెప్పలేకపోయింది.

మర్నాడు పొద్దున ఆమె వంటింట్లో ఉంది. రాత్రికి అక్కడే ఉండిపోయిన టీచరమ్మ ముందుగదిలో పేపరు చదువుతోంది. ఏనుగు పాడుతోంది. పాట సగంలో ఆగింది. ఆగిపోయిన చప్పుడు వినడమే కదా గడియారమ్మ వృత్తి. గరిటె వదిలేసి పరుగెత్తింది.

పిల్ల నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చుంది. ఒళ్లో వెల్లకిలా ఏనుగు. ఎడమ చేతికి కుర్చీ కింది వాచీ. కుడి చేతిలో తల్లి జుట్టు క్లిప్పు, పట్టకారులా. ఏనుగు పొట్టలో మూడు గుంటలు, మూడూ ఖాళీ. ఒక సెల్లు మోకాలి దగ్గర, ఒకటి సోఫా కాలి దగ్గర.

"ఏం చేస్తున్నావే?"

"ఊ" అంది పిల్ల.

పెదాల మధ్య వెండి అంచు తళుక్కుమంది.

"అమ్మో! ఉమ్మెయ్..." అంటూ లేచిన టీచరమ్మ మణికట్టును గడియారమ్మ గట్టిగా పట్టుకుంది. "అరవకండి వదినా. ఉలిక్కిపడితే మింగేస్తుంది."

తను నేల మీద కూర్చుంది. అరచెయ్యి చాచింది. షాపులో మాట్లాడే గొంతుతోనే పిలిచింది.

"మేస్త్రిగారూ, వాచీవాళ్లు వచ్చి నించున్నారు. సెల్లు ఇలా ఇవ్వండి."

పిల్ల ముందుకు వంగింది. తడి సెల్లు అరచేతిలో పడింది. గడియారమ్మ మూడు సెల్లులనూ ఒకచోట చేర్చి, గుంటలు చూసి, పిల్ల నోరు తెరిపించి చూసి, మళ్లీ మొదటినుంచీ లెక్కపెట్టింది. మూడే. మూడింటినీ కొంగున ముడేసుకుంది.

టీచరమ్మ ఏడుస్తోంది. "మీరు చెప్తే ఓర్వలేక అంటున్నారనుకున్నాను వదినా. తప్పు నాదే."

మూడేళ్లుగా ఆ నోట వినాలనుకున్న మాట. తియ్యగా ఉంది. మింగేసి ఊరుకుంటే సరిపోయేది.

లోపల ఇంకోటి కూడా ఉంది, ఎవరికీ చెప్పలేనిది. ఏనుగు అమ్మమ్మదైనా పిల్ల ఆడిన ఆట నాన్నమ్మది. ఆ వెండి అంచు చూసిన క్షణంలో, ప్రాణం పోతున్నంత భయంలో కూడా, గుండె ఒక్కసారి గర్వపడింది. గడియారమ్మకి తన మీద తనకే రోత పుట్టింది.

అప్పుడే గదిలోంచి వచ్చిన కోడలు సంగతి విని, "నోట్లో పెట్టుకోవడం దీనికెవరు నేర్పారు?" అంది.

గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, గడియారమ్మ చెయ్యి పెదాల మీదకి పోయింది.

"నేనే. షాపులో రోజూ చూస్తుంది" అంది. "మూత తప్పు మీదైతే మూతి తప్పు నాది వదినా."

ఇప్పుడు ఆమె బల్ల మీద చిన్న పింగాణీ గిన్నె ఉంది. సెల్లు అందులోనే. పెదాలు ఖాళీ అయ్యేసరికి మాటలు పెరిగాయని, పాత గడియారమ్మే నయమని మందుల షాపాయన గోల.

సెల్లులు తీసేసిన ఏనుగు కూడా షాపులో, పిల్ల పక్కనే పీట మీద కూర్చుంటుంది. పిల్ల దాని పొట్ట నొక్కుతుంది. చప్పుడు రాదు. పెదవి వణుకుతుంది. ఇక తప్పక, తలెత్తకుండా పని చేసుకుంటూ, గడియారమ్మే ఆ పాట అందుకుంటుంది.

ఏనుగు తొండానికి చెవి ఆనించి వింటుంది పిల్ల.

"అమ్మమ్మ ఏనుగు ఎంత బాగా పాడుతోందో కదా నాన్నమ్మా!"

గడియారమ్మ ఏనుగు వంక గుర్రుగా చూసి, రెండో చరణం ఎత్తుకుంటుంది.