నాయన పేరున నా గుండె

ఒకే ఒక్క గుండెతో ఇంట్లో ఇద్దరు మగాళ్ళను వారం రోజులు మంచం ఎక్కించిన ఘనుణ్ణి నేను. నమ్మరు కదా? చెబుతాను, నవ్వుకోండి, మా పిల్లల చెవిన మాత్రం వేయకండి.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదు. సిరుగుప్పలో పెద్దవాళ్ళకు ఉచితంగా గుండె పరీక్ష చేస్తారని విని, డెబ్భై ఏళ్ళ మా నాయన పేరు రాయించింది అమ్మ. తీరా ఆ రోజే మా ఊరు హచ్చొళ్ళిలో మా మళ్ళకు కాలవ నీళ్ళ వంతు పడింది.

"నా గుండెకేమైందిరా? దినామూ గట్ల మీద తిరుగుతానే ఉండా," అన్నాడు నాయన.

"ఏమీ కాకముందే చూపిచ్చుకోవల్లంట నాయనా."

"ఏమీ కాకుంటే వాళ్ళు ఏం చూస్తారు?"

మంచి ప్రశ్నే. నాకూ తెలుసుకోవాలనిపించింది. నాయన అప్పటికే పార భుజాన వేసుకున్నాడు. "నువ్వే పోయి పండుకోరా. మీయమ్మకు కాగితం చూపిస్తే చాలు గదా."

సిరుగుప్పలో మూడు కాఫీలు తాగి, నాయన చీటీతో ధైర్యంగా పరీక్ష బల్ల ఎక్కాను. వైర్లు తగిలించే అమ్మాయి చీటీ చూసింది, నన్ను చూసింది. "డెబ్భై ఏండ్లా?"

"మాగాణి తిండి మేడమ్, తొందరగా ముదరము," అన్నాను. వెనక వరుస చాంతాడంత ఉంది. ఆమె గబగబా వైర్లు తగిలించేసింది.

కాగితం చూసిన డాక్టరు నా మొహం కూడా చూడలేదు. "లయ తప్పుతాండాది. పెద్ద వయసు గదా, బరువులు ఎత్తొద్దు. వారంలో బళ్ళారిలో చూపిచ్చల్ల." కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటి దారి పట్టాను.

ఇంట్లో అమ్మ ఆ కాగితాన్ని నాయన జాతకంలా పట్టుకుంది. ఉప్పు బంద్, మిరపకాయ బంద్, పార బంద్. గంజిలాంటి సంగటి ముందు కూర్చుని నాయన నా చెవిలో, "రేయ్, నీ గుండెకు నేను పథ్యం చేస్తాండా," అన్నాడు. అంటూనే నా చేతిలోని బిందె లాక్కున్నాడు. ఆయనకూ భయమే, నా గురించి. అమ్మకు నిజం చెప్పలేక, నాయనకు కాపలా అనే వంకతో నేనూ, ఆయనా చెరో మంచం మీద కూర్చుని గోడలు చూశాం. పార పట్టుకుని అమ్మే మళ్ళకు పోయింది.

బళ్ళారి డాక్టరు నాయన నాడి పట్టుకున్నాడు, కొత్తగా ఈసీజీ గీతలు తీయించాడు. పాత కాగితం ఊపుతూ, "ఇదు యారదప్పా?" అన్నాడు, ఇదెవరిదని.

"నాది సార్," అన్నాను. అమ్మ నావైపు చూసిన చూపుకు గుండె నిజంగానే లయ తప్పింది.

నన్నూ పడుకోబెట్టి చూశాడు. "అప్పుడప్పుడు గుండె ఒక దెబ్బ ముందుగా కొడతాండాది. భయం లేదు. కాఫీ తగ్గించు."

బతికిపోయానని తెలియగానే పాత ప్రశ్న గుర్తొచ్చింది. "అయితే సార్, ఏ బాధా లేని పెద్దోళ్ళకు ఈ గీతలు తీయల్లా, వద్దా?"

"అందరికీ తీసి తీరల్లని నేను చెప్పను. ఒక్కోసారి లేని భయం పట్టుకుంటాది, మీకు పట్టినట్ల. ఆయాసమో నొప్పో ఉంటే తీయల్ల. బాధ లేకున్నా బీపీ మాత్రం చూపిచ్చుకోవల్ల." అని అమ్మవైపు తిరిగాడు. "నువ్వెప్పుడు చూపిచ్చుకొంటివమ్మా?"

"నాకేమైంది సార్? నా పేరు ఎవరు రాపిచ్చినారు?"

నాయన నన్ను చూశాడు. నేను నేలను చూశాను. డాక్టరు ఆమె చేతికి పట్టీ చుట్టి ఒకసారి చూశాడు, ఇంకోసారి చూశాడు. బీపీ బాగా ఎక్కువ. వారం పాటు మా ఇద్దరి బదులు పార పట్టిన మనిషికి.

"ఉప్పు తగ్గించమ్మా."

అమ్మ మా ఇద్దరినీ నిదానంగా చూసింది. "సప్పటి కూడు మీకు అలవాటైంది గదా. ఇంగ మీరే వండండి, నేను తింటా."

ఆ రోజే ఉప్పు డబ్బా సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఇంకొకరి పేరున ఏ బల్లా ఎక్కను. పరీక్షలకు పేర్లు రాయించాల్సి వస్తే మొదట అమ్మ పేరే రాయిస్తాను. అమ్మ బీపీ దిగేదాకా గరిటె నాదే.