ఏటికవతల పెట్టిన పేరు

మా మేనత్త ఏ పేరు విన్నా ముందు "ఎవరు పెట్టిండ్రు?" అని అడిగేది. మా ఇంట్లో పిల్లలందరినీ ఉయ్యాలలో వేసి పేరు పెట్టింది ఆమే కనుక, ఆ మాట అడిగే హక్కు తనకుందనుకునేది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, గద్వాలలో మా మగ్గం దగ్గర కూర్చుని ఎదురింటి పంతులు హిందుస్తాన్ పేరు సంగతి చెప్పాడు. సింధునదికి అవతలివాళ్లు సింధును హిందు అని పలికి, ఆ నది పేరుతోనే ఇవతలి జనాన్ని పిలిచారట.

"ఇంటోళ్లను అడిగిండ్రా?" అంది అత్త, నూలు కండె చుడుతూ.

"లేదమ్మా."

"మరి ఆ పేరుకు ఇంటోళ్లు పలికిండ్రా?"

"అలవాటైంది."

అత్త తలాడించింది. "నాకు గూడ చిన్నప్పుడే పెండ్లి జేసి, కృష్ణ అవతల అత్తగారోళ్లు పేరు మార్చిండ్రు. పలుకుతనే ఉన్న."

మొదటి పేరేమిటని పంతులు అడిగాడు.

అత్త కండె ఆపి, మగ్గం నేస్తున్న మా నాయన వైపు చూసింది. ఆయనకూ గుర్తు లేదు.