లాకు దగ్గర బోర్డు

గంగ ఒడ్డున మా ఇంటి వెనకున్న జనపనార మిల్లు మూతపడి ఎన్నేళ్లయిందంటే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. దాని పక్కనే కాలవ, కాలవ గంగలో కలిసేచోట పడవలు దాటే లాకు. ఇప్పుడు దాని తలుపులు తుప్పుపట్టి బురదలో దిగబడి ఉన్నాయి.

మా తాత ఆ లాకు మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీల ఊరికి వచ్చి, ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ఆ తలుపులే తీశాడు, మూశాడు. లాకులో నీరూ గంగ నీరూ ఒకే మట్టానికి వచ్చేదాకా ఆగాలి. తొందరపడితే నార మోసే పడవలు తిరగబడతాయి. తాత గోడమీది గీతలు చూసేవాడు కాదట. మెట్టు మీద కూర్చుని పాదాలు నీళ్లలో పెట్టేవాడట. నీరు పాదాన్ని లాగడం మానేసిందంటే మట్టం కుదిరినట్టే, అప్పుడు తోటివాళ్లని తలుపుల చక్రం తిప్పమనేవాడట. ఇదంతా నాన్న చెప్పిందే, విని విని నాకు చెవులు దిబ్బళ్లు పడ్డాయి.

పాత కట్టడాల చరిత్ర రాస్తామంటూ మనుషులు మూడుసార్లు వచ్చారు. నాన్నకి బెంగాలీ వచ్చు, కానీ తన తండ్రి గురించి తెలుగులోనే చెబుతాడు. మూడుసార్లూ సెలవు పెట్టి, టీలు ఇచ్చి, ఆయన మాటలు బెంగాలీలోకి మార్చింది నేనే. మూడోసారి విసుగొచ్చి సగం మింగేశాను. తాత సంగతి బోర్డు మీద వేస్తారా అని నాన్న అడగమంటే మాత్రం అడిగాను. వాళ్లు నాన్న వైపు తిరిగి, చూద్దాం దాదా అన్నారు.

బోర్డు పెట్టిన రోజు నేను ఆఫీసు నుంచి కాళ్లీడ్చుకుంటూ వచ్చేసరికి నాన్న ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరం లాకు దగ్గరికెళ్లాం. ఆయనకు చదవడం వచ్చింది తెలుగు బైబిలు ఒక్కటే. బోర్డు బెంగాలీలో, ఇంగ్లీషులో ఉంది. మిల్లు కట్టించిన దొర, లాకు గీసిన ఇంజనీరు, ఇనుము ఏ దేశానిదో, అంతే.

"మా అయ్య గురించి ఏటి రాసినారు?" అన్నాడు నాన్న.

నిజం చెప్పే ఓపిక లేదు, ధైర్యమూ లేదు. "నీళ్లను పాదాలతో కొలిచిన మనిషి ఒకాయన ఇక్కడ పనిచేశాడు. ఆయన చేతిలో ఒక్క పడవా మునగలేదు," అని చదివాను.

"ఇంకోపాలి సదువు."

చదివాను.

"ఈపాలి పడవల మాట ఒగ్గేసినావమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఇంటికెళ్లి కాయితం మీద రాసీ. తెలుగులో. నానే సదువుకుంతాను."

నాకు సిగ్గేసింది. ఇంటికొచ్చాక, ఒళ్లు పులిసిపోయి ఉన్నా కూర్చున్నాను. పడవల మాటే ముందు రాశాను.